జ్వరం తొలి రోజుల రక్తం ఏమి చెప్పగలదు?

వానలు మొదలైన తరువాత తార్నాకలో ఇద్దరు పరిచయస్థులు ఎదురుపడితే వినిపించే ప్రశ్న ఒకటున్నది: "ప్లేట్‌లెట్లు ఎంత?" ఇంట్లో ఎవరికైనా జ్వరమని తెలిస్తే చాలు, అది ఎన్నో రోజు జ్వరమో, మూత్రం సరిగా వస్తున్నదో లేదో, కడుపులో నొప్పి ఉన్నదో లేదో ఎవరూ అడగరు. ప్లేట్‌లెట్లే అడుగుతారు. కొవిడ్ వచ్చి వెళ్ళిన తరువాత ఈ ప్రశ్నకు తోబుట్టువులు కూడా పుట్టినవి. సి.ఆర్.పి. ఎంత? ఫెరిటిన్ ఎంత? ఐ.ఎల్.-6 చేయించారా? నా ఫోనుకు వచ్చే రిపోర్టులలో జ్వరం ఎన్నో రోజో ఎక్కడా ఉండదు గానీ ఈ అంకెలు మాత్రం మూడు పేజీల నిండా ఉంటాయి. కింద ఒక వాక్యం: "సార్, ఇవి చూసి సీరియస్ అవుతుందో కాదో చెప్పండి."

ఆ వాక్యంలోని కోరిక న్యాయమైనదే. వైరస్ జ్వరం వచ్చిన వందమందిలో ఎవరు నాలుగు రోజులు పడుకుని లేచిపోతారో, ఎవరు ఐ.సి.యు.కు వెళతారో ముందే తెలిస్తే అంతకంటె కావలసినదేమున్నది? రక్తంలోని రోగనిరోధక వ్యవస్థ సూచికలను చదివి ఆ సంగతి తొలి రోజులలోనే పసిగట్టాలన్న ప్రయత్నం ప్రపంచమంతటా జరుగుతున్నది. ఈ విజ్ఞానం సాగుతున్న దిక్కు సరైనదని నా నమ్మకం. అయితే అంగడి విజ్ఞానం కంటె ముందు పరుగెత్తుతున్నది. పైగా ఈ పరీక్షలు ఎక్కడ నిజంగా అవసరమో అక్కడ లేవు, అంత అవసరం లేని చోట అమ్ముడుపోతున్నవి. ఈ వ్యాసంలో ముఖ్యంగా డెంగీ గురించి వ్రాస్తున్నాను. మన నగరంలో ప్రతి ఏటా ఈ ప్రశ్నను మన ముందు నిలబెట్టేది అదే.

డెంగీకి ఒక మాయ స్వభావం ఉన్నది. ఒళ్ళు కాలిపోతున్న మొదటి రోజులు చూడడానికి భయంగా ఉంటాయి గానీ ప్రాణాపాయం సాధారణంగా ఆ రోజులలో ఉండదు. మూడవ రోజుకూ ఏడవ రోజుకూ నడుమ జ్వరం దిగుతుంది. ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకుంటారు. సరిగ్గా అప్పుడే కొద్దిమందిలో సన్నని రక్తనాళాల గోడలు జల్లెడవలె మారి, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా బయటికి కారిపోవడం మొదలవుతుంది. కడుపులో, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. నాళాలలో మిగిలిన రక్తం చిక్కబడుతుంది. నాడి సన్నబడి, చేతులూ కాళ్ళూ చల్లబడి, రక్తపోటు పడిపోతుంది. దీనినే డెంగీ షాక్ అంటాము. ఈ దశ 24 నుంచి 48 గంటలు మాత్రమే ఉంటుంది. ఆ గంటలలో రోగిని కనిపెట్టుకుని ఉండి, తగిన మోతాదులో, ఎక్కువా తక్కువా కాకుండా సెలైన్ ఎక్కిస్తే తీవ్ర డెంగీలో కూడా మరణాలు నూటికి ఒకటి లోపుకు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే ఇక్కడ ప్రాణాలు నిలిపేది ఖరీదైన మందు కాదు. సరైన రోజున సరైన మనిషిని గమనించడం.

మరి ప్లేట్‌లెట్ల సంగతి? అవి పడిపోవడం డెంగీలో సహజం. పడిపోయిన అంకె వలన ఎవరూ చనిపోరు. ప్లాస్మా కారిపోవడం వలన, దానిని గుర్తించకపోవడం వలన, ఆ తరువాత జరిగే రక్తస్రావం వలన చనిపోతారు. 2017లో లాన్సెట్ పత్రికలో సింగపూర్, మలేసియా వైద్యుల అధ్యయనం ఒకటి వచ్చింది. ప్లేట్‌లెట్లు 20,000 లేదా అంతకంటె తక్కువ ఉండి, రక్తస్రావం లేని 372 మంది పెద్దలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించారు, రెండవ జట్టుకు ఎక్కించలేదు. ఎక్కించినందువలన రక్తస్రావం తగ్గలేదు. దుష్ఫలితాలు మాత్రం ఆ జట్టులోనే ఎక్కువ కనిపించినవి. ఈ అధ్యయనం వచ్చి ఇన్నేళ్ళయినా, రాత్రి పదకొండు గంటలకు ప్లేట్‌లెట్ల దాత కోసం ఫోన్లు చేసే బంధువులు నాకు ప్రతి ఆగస్టులోనూ తారసపడుతూనే ఉన్నారు.

రోగనిరోధక సూచికలు ఎందుకు అవసరమయ్యాయో చెప్పాలంటే, ఈ జల్లెడ ఎవరు చేస్తున్నారో ముందు చెప్పాలి. ప్లాస్మా కారే సమయానికి రక్తంలో వైరస్ తగ్గుముఖం పట్టి ఉంటుంది. అప్పుడు జరిగే నష్టంలో పెద్ద పాలు మన సొంత రక్షణ వ్యవస్థదే. అది అతిగా స్పందించి, రసాయన సంకేతాలను వరదవలె వదిలి, రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నవి. ఒక రకం సోకి తగ్గినవారికి మరొక రకం సోకినప్పుడు ప్రమాదం పెరుగుతుందని బ్యాంకాక్‌లో 1960లలో పనిచేసిన అమెరికా వైద్యుడు స్కాట్ హాల్‌స్టెడ్ గుర్తించారు. మొదటిసారి తయారైన యాంటీబాడీలు రెండవ రకాన్ని చంపలేకపోగా, దానిని కణాలలోకి మోసుకుపోతాయి. కాపలాదారుడే దొంగకు తలుపు తీసినట్లు.

కాబట్టి వైరస్‌ను మాత్రమే కొలిస్తే చాలదు, శరీరం దానికి ఎట్లా స్పందిస్తున్నదో కూడా కొలవాలి. అక్కడ పుట్టినవే ఈ సూచికలు. సి.ఆర్.పి. అంటే వాపు సంకేతం అందగానే కాలేయం తయారుచేసే ఒక ప్రొటీను. ఫెరిటిన్ శరీరంలో ఇనుమును దాచే ప్రొటీను. రక్షణ కణాలు ఉద్రేకించినప్పుడు అది కూడా పెరుగుతుంది. ఇంటర్‌ల్యూకిన్లు కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు. ఇవి గాక రక్తనాళాల లోపలి పొర చిరుగుతున్నప్పుడు రక్తంలోకి రాలే ముక్కలు కొన్ని ఉన్నవి, సిండికాన్-1 అటువంటిది.

2021లో ఈలైఫ్ అనే పత్రికలో వియత్నాం కేంద్రంగా జరిగిన అధ్యయనం వెలువడింది. వియత్నాం, కంబోడియా, మలేసియా, ఎల్ సాల్వడార్ దేశాలలో జ్వరం మొదలైన మొదటి మూడు రోజులలోనే తీసిన రక్తంలో పది సూచికలను కొలిచారు. తరువాత జబ్బు ముదిరిన 281 మందినీ, ముదరని 556 మందినీ పోల్చి చూశారు. ముదిరినవారిలో తొలి రోజులలోనే ఈ సూచికలు ఎక్కువగా ఉన్నవి. నన్ను ఆకర్షించినది మరొక అంశం. ఏ ఒక్క సూచికా ఒంటరిగా బాగా పనిచేయలేదు. ఐదారు కలిపి చూసినప్పుడే చిత్రం స్పష్టపడింది. పైగా పిల్లలకు పనికివచ్చిన జట్టు వేరు, పెద్దలకు పనికివచ్చిన జట్టు వేరు. 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రక్తకణాలలో ఎనిమిది జన్యువుల పనితీరును కొలిచి, తీవ్రతను ముందుగా అంచనా వేసే పద్ధతిని ప్రకటించారు. అంతకు ముందు సంవత్సరం సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన మరీ సూక్ష్మమైనది: యాంటీబాడీ అడుగుభాగాన అంటుకుని ఉండే చక్కెర గొలుసులో ఫ్యూకోజ్ అనే ఒక్క చక్కెర లోపించిన యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నవారికి, రెండవసారి డెంగీ వచ్చినప్పుడు జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని తేల్చారు. మేము చదువుకున్న రోజులలో యాంటీబాడీ ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. ఇప్పుడు దాని తోకకు తీపి ఉన్నదా లేదా అని చూస్తున్నారు.

ఇంత మంచి విజ్ఞానాన్ని అంగడిలో పెడితే ఏమవుతుందో కొవిడ్ రెండవ తరంగం చూపించింది. 2021 ఏప్రిల్, మే నెలలలో హైదరాబాదులో కొంచెం జ్వరం ఉన్నవారు కూడా సి.ఆర్.పి., డి-డైమర్, ఫెరిటిన్, ఐ.ఎల్.-6 చేయించుకున్నారు. లక్షణాలు స్వల్పంగా ఉన్నవారికి సి.టి. స్కాన్లూ ఈ రక్తసూచికలూ అవసరం లేదని, అవి అనవసరమైన భయం పుట్టిస్తాయని అప్పటి ఎయిమ్స్ సంచాలకులు డాక్టర్ రణ్‌దీప్ గులేరియా మే మొదటి వారంలో బహిరంగంగా చెప్పవలసి వచ్చింది. భయం ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. సి.ఆర్.పి. పెరిగిందని కాగితం మీద నల్లటి అక్షరాలలో కనబడగానే ఆక్సిజన్ స్థాయి 98 ఉన్నవారికి కూడా స్టెరాయిడ్లు మొదలైనవి. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయనం 2020లోనే ఈ విషయం తేల్చి చెప్పింది: డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో ఐదో వంతు తగ్గించింది, ఆక్సిజన్ అవసరం లేనివారికి ప్రయోజనమేమీ ఇవ్వలేదు. అదుపులో లేని మధుమేహానికి స్టెరాయిడ్లు తోడై, నల్ల ఫంగస్ ఆ మే నెలలో కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రిని నింపివేసింది. కళ్ళు పోగొట్టుకున్నవారు ఉన్నారు. కాగితం మీద ఒక అంకెను చూసి, మనిషిని చూడకుండా వైద్యం చేయడం కూడా ఆ విషాదానికి ఒక కారణమని నేను భావిస్తాను.

అదే కొవిడ్‌లో సూచికలు చక్కగా పనిచేసిన సందర్భాలూ ఉన్నవి. ఐ.ఎల్.-6ను అడ్డుకునే టొసిలిజుమాబ్ అనే మందును రికవరీ అధ్యయనంలో ఆక్సిజన్ తగ్గి, సి.ఆర్.పి. 75 గానీ అంతకు మించి గానీ ఉన్నవారికే ఇచ్చి చూశారు. 28 రోజులలో మరణాలు నూటికి 35 నుంచి 31కి తగ్గినవి. ఇక్కడ సూచిక ఒక నిర్ణయానికి ముడిపడి ఉన్నది. ఎవరికి, ఎప్పుడు, ఏ మందు అన్న ప్రశ్నకు అది జవాబు. 2020లో సైన్స్ పత్రికలో వచ్చిన మరొక పరిశోధన ఇంకా ఆశ్చర్యకరం. కొవిడ్‌తో ప్రాణాపాయస్థితిలోకి వెళ్ళిన 987 మందిలో 101 మందికి, వైరస్‌ను మొదట ఎదిరించే ఇంటర్‌ఫెరాన్లనే నిర్వీర్యం చేసే యాంటీబాడీలు ఉన్నవి. స్వల్పంగా జబ్బుపడిన లేదా లక్షణాలే లేని 663 మందిలో ఒక్కరికీ లేవు. ఆ 101 మందిలో 95 మంది పురుషులు.

ఇక మన వీధిలోని ప్యాకేజీ దగ్గరకు వద్దాము. కొంచెం లెక్క అవసరం. డెంగీ సోకిన వెయ్యి మంది ఉన్నారనీ, వారిలో 50 మందికి జబ్బు ముదురుతుందనీ అనుకుందాము. మన దగ్గర మంచి పరీక్షే ఉన్నదనుకుందాము: ముదిరేవారిలో నూటికి 80 మందిని పట్టుకుంటుంది, ముదరనివారిలో నూటికి 80 మందిని సరిగా వదిలివేస్తుంది. వినడానికి బాగానే ఉన్నది. ముదిరే 50 మందిలో 40 మందిని ఆ పరీక్ష పట్టుకుంటుంది. కానీ ముదరని 950 మందిలో 190 మందికి కూడా "ప్రమాదం" అని ముద్ర వేస్తుంది. మొత్తం 230 మంది భయపడితే, వారిలో నిజంగా ప్రమాదం ఉన్నది 40 మందికి. ఆరుగురిలో ఐదుగురు ఊరికే ఆసుపత్రిలో చేరతారు. వానాకాలంలో మంచాలు దొరకని ఆసుపత్రులలో ఆ ఐదుగురు పడుకున్న మంచాలు ఆరవ మనిషికి దొరకకుండా పోవచ్చు.

ఇప్పుడు అదే లెక్కను రెండవ వైపు నుంచి చూడండి. పరీక్ష "ప్రమాదం లేదు" అన్నవారు 770 మంది. వారిలో 760 మంది నిజంగానే క్షేమం. పది మంది మాత్రం తప్పిపోతారు. అంటే ఇటువంటి పరీక్ష భయపెట్టడంలో బలహీనం, ధైర్యం చెప్పడంలో బలవంతం. మంచాలు నింపడానికి కాక ఖాళీ చేయడానికి దీనిని వాడుకోవాలి. ఇంటికి పంపిన ఆ 770 మందికీ హెచ్చరిక లక్షణాలు చెప్పి పంపితే, తప్పిపోయిన పదిమందినీ అవి వెనక్కి తీసుకువస్తాయి. ప్యాకేజీలు అమ్మేవారు ఈ రెండవ వైపు లెక్క చెప్పగా నేను వినలేదు. ధైర్యానికి గిరాకీ తక్కువ కాబోలు.

ఒంటరి అంకె ఎంత మోసం చేయగలదో ఒక ఉదాహరణ చెబుతాను. రిపోర్టులలో పి.సి.వి. లేదా హెమటోక్రిట్ అని ఒక వరుస ఉంటుంది. రక్తంలో ఎర్రకణాలు ఎంత పాలో అది చెబుతుంది. ప్లాస్మా కారిపోతే రక్తం చిక్కబడి ఈ అంకె పెరుగుతుంది. తొలి అంకె కంటె 20 శాతం పెరిగితే ప్లాస్మా గణనీయంగా కారుతున్నదని అర్థం. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నదని అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అటువంటి ఒక స్త్రీకి జ్వరం మొదటి రోజున పి.సి.వి. 30 అనుకోండి. అయిదవ రోజున 36 అయింది. సరిగ్గా 20 శాతం పెరుగుదల. ఆమె ప్రమాదపుటంచున ఉన్నది. కానీ అయిదవ రోజు కాగితంలో 36 ఎదురుగా ఏ గుర్తూ ఉండదు. అది "నార్మల్" పరిధిలోనే ఉన్నది! మొదటి రోజు కాగితం లేని వైద్యుడికి ఆ 36 ఒక ఆరోగ్యవంతురాలి అంకె. ఉన్న వైద్యుడికి అది ప్రమాద ఘంటిక.

ఫెరిటిన్ విషయంలోనూ ఇదే చిక్కు. ఇనుము లోపించిన శరీరంలో ఫెరిటిన్ మొదటి నుంచే అడుగంటి ఉంటుంది. అది మూడింతలు పెరిగినా, వియత్నాంలో నిర్ణయించిన హద్దును చేరకపోవచ్చు. మధుమేహం, స్థూలకాయం ఉన్నవారికి సి.ఆర్.పి. జ్వరం లేని రోజున కూడా కొంత ఎక్కువే ఉంటుంది. వానాకాలపు జ్వరంలో సి.ఆర్.పి. బాగా ఎక్కువగా ఉంటే, డెంగీ ముదురుతుందనుకోవడానికి ముందు అది టైఫాయిడో, స్క్రబ్ టైఫసో, ఎలుక జ్వరమో అని అనుమానించాలి. వాటికి మందులున్నవి, ఆలస్యం పనికిరాదు. ఒకే అంకె రెండు జబ్బులలో రెండు భాషలు మాట్లాడుతుంది కూడా. కొవిడ్‌లో లింఫోసైట్లు తగ్గి, న్యూట్రోఫిల్స్‌తో వాటి నిష్పత్తి పెరగడం చెడు సూచన. డెంగీలో తెల్ల కణాలన్నీ తగ్గడం మామూలే. లింఫోసైట్ల పాలు పెరగడం చూసి కంగారు పడవలసినదేమీ లేదు. కొవిడ్ నాడు నేర్చుకున్న నిష్పత్తిని డెంగీ రోగికి అన్వయించి ధైర్యపడేవారినీ, భయపడేవారినీ ఇద్దరినీ చూశాను.

"అయితే ఇవన్నీ వృథానా డాక్టరు గారూ?" అని నాతో పాటు ఉదయం నడకకు వచ్చే ఒక పెద్దమనిషి అడిగారు. కాదు. ఎవరికి కావాలో వారికి కావాలి. తార్నాకలో సొంత ఇంట్లో ఉన్న మనిషికి జ్వరం వస్తే పక్కన భార్యో, తల్లో, కొడుకో ఉంటారు. "నిన్న మాట్లాడినట్లు ఇవాళ మాట్లాడడం లేదు, పొద్దుటి నుంచి మూత్రానికి లేవలేదు" అని వారు గమనిస్తారు. డెంగీలో అంతకు మించిన సూచికను నేను చూడలేదు. ఇంటి మనుషుల కళ్ళు ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ప్రయోగశాల.

రోడ్డు దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి వెళితే పరిస్థితి వేరు. వసతిగృహాలలో రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలుంటారు. చాలామంది వారి ఇళ్ళలో డిగ్రీ దాటిన మొదటి తరం. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని గది తలుపు దగ్గరగా వేసి పడుకుంటారు. గదిలోని స్నేహితులు తరగతులకో, గ్రంథాలయానికో, పోటీ పరీక్షల శిక్షణకో వెళ్ళి రాత్రికి వస్తారు. అయిదవ రోజున జ్వరం దిగుతుంది. పిల్లవాడు నిద్రపోతున్నాడని స్నేహితులు అనుకుంటారు. అది నిద్రో మగతో చెప్పగల కన్ను ఆ గదిలో లేదు. ఊళ్ళో ఉన్న తల్లికి ఫోనులో "తగ్గిందమ్మా" అని మాత్రమే వినిపిస్తుంది. ఇటువంటి చోట, జ్వరం రెండవ రోజున తీసిన రక్తం "ఈ పిల్లవాడిని ఒంటరిగా వదలవద్దు, ఆ పిల్లవాడిని గదికి పంపవచ్చు" అని చెప్పగలిగితే అది వెలలేని సాయం. వలస కూలీల గుడిసెలలో, ఒంటరిగా ఉండే వృద్ధుల ఫ్లాట్లలో కూడా ఇంతే. గమనించే మనిషి లేని చోట సూచిక కావాలి. అంగట్లో ఇవాళ జరుగుతున్నది దీనికి తలకిందులు: గమనించే మనుషులూ, డబ్బూ రెండూ ఉన్న ఇంటికి ప్యాకేజీ వెళుతున్నది.

అందాకా ఏమి చేయవచ్చు? రెండు రోజులు దాటిన జ్వరమైతే ఒక సి.బి.పి. చేయించి, ఆ కాగితాన్ని భద్రపరచండి. బస్తీ దవాఖానాలలో నమూనా ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగానే చేస్తారు. డెంగీ అనుమానముంటే మొదటి అయిదు రోజులలో ఎన్.ఎస్.1, ఆ తరువాత ఐ.జి.ఎం. పరీక్ష. మూడవ రోజు నుంచి, ముఖ్యంగా జ్వరం దిగిన రోజున, మళ్ళీ సి.బి.పి. చేయించి ప్లేట్‌లెట్లతో పాటు పి.సి.వి.ని మొదటి కాగితంతో పోల్చమని వైద్యుడిని అడగండి. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, విపరీతమైన నీరసం లేదా కంగారు, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం కనబడితే ఏ పరీక్ష ఫలితం కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. నొప్పులకు బ్రూఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు. ఐ.ఎల్.-6 వంటి పరీక్షలను డెంగీ కోసం మీ అంతట మీరు చేయించుకోనవసరం లేదు. ఫలితం ఏది వచ్చినా వైద్యం మారదు.

విజ్ఞానం వైపు చేయవలసిన పనికి తార్నాక చుట్టుపక్కల ఉన్నంత అనుకూలత దేశంలో మరెక్కడైనా ఉన్నదా అని నాకు సందేహం. 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్నది. తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనశాల, అంటే ఇప్పటి ఐ.ఐ.సి.టి., నీడలో 1977లో మొలకెత్తిన సి.సి.ఎం.బి. నాలుగడుగుల దూరంలో హబ్సిగూడలో ఉన్నది. అసలు రక్తానికీ దోమకూ సంబంధం చదివిన నగరమిది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలకు తన రక్తం ఇచ్చినవాడు హుసేన్ ఖాన్ అనే రోగి. కుట్టిన ఒక్కొక్క దోమకు అణా చొప్పున తీసుకున్నాడు. రాస్ పేరు పెట్టుకున్న నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని మా తరం వారు కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట అట్లా మెత్తబడింది.

కలిసి పనిచేయడం ఈ సంస్థలకు కొత్త కూడా కాదు. 2020లో సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. కలిసి నగరపు మురుగునీటిని పరీక్షించి కొవిడ్ ఎంతమందికి సోకి ఉండవచ్చునో అంచనా కట్టినవి. 2021 ఆరంభంలో సి.సి.ఎం.బి., పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి నగరంలోని 30 వార్డులలో దాదాపు 9,000 మంది రక్తాన్ని పరీక్షించి, 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నవని తేల్చినవి. వారిలో అత్యధికులకు తమకు జబ్బు వచ్చిందనే తెలియదు. మహమ్మారి భయంలో సాధ్యమైనది ప్రతి ఏటా వచ్చే జ్వరానికి ఎందుకు సాధ్యం కాకూడదు?

నేను కోరేది పెద్ద భవనం కాదు, కొత్త సంస్థ కాదు. బస్తీ దవాఖానాలలో, ఫీవర్ ఆసుపత్రిలో, విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో జ్వరం మొదటి మూడు రోజులలో తీసే రక్తంలో పరీక్ష అయిపోగా మిగిలిన చెంచాడు సీరంను, రోగి అనుమతితో, పారబోయకుండా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాలి. ఆ రోగికి పది రోజుల పాటు ఆశా కార్యకర్తో, వసతిగృహం వార్డెనో రోజుకొకసారి ఫోను చేసి ఎట్లా ఉన్నదో వ్రాసుకోవాలి. జబ్బు ముదిరినవారు ఎవరో తెలిసిన తరువాత, దాచిన సీరంను బయటికి తీసి, వియత్నాంలో పనిచేసిన సూచికలు మన రక్తహీనతల నడుమ, మన మధుమేహాల నడుమ పనిచేస్తాయో లేదో చూడాలి. ఫెరిటిన్ హద్దు ఎంత ఉండాలో పోషకాహార సంస్థ కంటె బాగా ఎవరు చెప్పగలరు? ఐదారు సూచికలు నిలబడితే వాటిని వేలి రక్తంతో చూసే పట్టీగా మార్చడం ఈ నగరపు పరిశ్రమకు కష్టం కాదు. ఒక్క ఏడు చాలదు. నాలుగు రకాల వైరస్‌లలో ఏ ఏట ఏది ఎక్కువగా తిరుగుతుందో చెప్పలేము కనుక కనీసం మూడు వానాకాలాలు పడుతుంది.

నీతిసంఘాల అనుమతులకే కొన్ని నెలలు కావాలి. జూలైకి దోమలు లేస్తాయి, ఆగస్టుకు వార్డులు నిండుతాయి. దరఖాస్తులు సంక్రాంతి లోపల కదిలితేనే వచ్చే వానాకాలపు మొదటి జ్వరం రక్తం ఫ్రీజర్‌లోకి చేరుతుంది.